చేతిలో హర్లీ, చుట్టూ ఫుట్‌బాల్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఐర్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లవే. అందులోనూ హర్లింగ్ (కర్రతో బంతిని కొట్టే ఐర్లండ్ ఆట) పెద్దగా ఆడని కౌంటీల (అక్కడి జిల్లాల) నుంచి. పిల్లలు కర్రతో ఇంటికొచ్చాక పెద్దలకు పుట్టిన సందేహాలివి.

మా ఏడేళ్ల బాబు బడి నుంచి హర్లింగ్ శిక్షణ కాగితం పట్టుకొచ్చాడు. ఇక్కడ పిల్లలంతా గేలిక్ ఫుట్‌బాలే (చేత్తోనూ కాలితోనూ ఆడే ఐర్లండ్ ఫుట్‌బాల్) ఆడతారు. అసలు ఇదేం ఆట? ఏం కొనాలి? దెబ్బలు తగలవా?
— ఒక తల్లి, లెటర్‌కెన్నీ, డోనెగల్

బిళ్ళంగోడు (మీది తెలంగాణ అయితే చిర్రగోనె) ఆడి ఉంటే సగం ఆట మీకు తెలిసినట్టే. గాల్లో ఉన్నదాన్ని కర్రతో కొట్టడమే ఇక్కడా అసలు విద్య. జట్టుకు 15 మంది. బంతి గోల్‌కీపర్‌ను దాటి వలలో పడితే గోల్, అంటే 3 పాయింట్లు. అడ్డకర్ర పైనుంచి రెండు స్తంభాల మధ్యగా వెళ్తే 1 పాయింటు. నేల మీద బంతిని నేరుగా చేత్తో తీయకూడదు, కర్రతోనే లేపాలి. చేతిలో పట్టుకుని నాలుగడుగులకు మించి వేయకూడదు. ఆ తర్వాత కొట్టాలి, లేదా కర్ర చివర బంతిని నిలబెట్టుకుని పరుగెత్తాలి. కర్రను హర్లీ అంటారు, దాని వెడల్పాటి కొసను బాస్ అంటారు, బంతిని స్లిటర్ అంటారు.

కొనడంలో మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. ఎదిగే పిల్లాడు కదా అని ఒక సైజు పెద్దది తీసుకోవడం. చొక్కాకు అది చెల్లుతుంది, హర్లీకి చెల్లదు. పొడుగు కర్ర అయితే బంతిని లేపడానికి వంగినప్పుడు దాని పిడి పొట్టకు గుచ్చుకుంటుంది. దాంతో పిల్లాడు కర్రను మధ్యలో పట్టుకోవడం మొదలుపెడతాడు, ఆ పట్టు మాన్పించడానికి రెండేళ్లు పడుతుంది. బాబును నిటారుగా నిలబెట్టి, చెయ్యి కిందికి వదలమనండి. బాస్ నేలకు ఆనించి కర్రను కాలి పక్కన నిలబెట్టండి. పిడి చివర మణికట్టు దగ్గరికో, ఒక అంగుళం కిందికో రావాలి. ఏడేళ్లవాడికి సాధారణంగా 22 నుంచి 24 అంగుళాలు సరిపోతుంది. రెండు సైజుల మధ్య అనుమానం వస్తే చిన్నదే తీసుకోండి.

బంతి మీరు కొననక్కర్లేదు. ఈ వయసు పిల్లలకు క్లబ్బులు మెత్తటి, తేలికపాటి స్లిటర్లు వాడతాయి. పెద్దల బంతి 110 నుంచి 116 గ్రాములు ఉంటుంది, లోపల బెండు, పైన తోలు. హెల్మెట్ మాత్రం ముఖానికి కడ్డీలున్నదే కావాలి. 2010 జనవరి 1 నుంచి అన్ని వయసుల వారికీ అది తప్పనిసరి. ఐర్లండ్ ప్రమాణం ఐఎస్ 355 గుర్తు ఉందో లేదో చూడండి. క్రికెట్ హెల్మెట్ పనికిరాదు. చూపుకు అడ్డొస్తోందని కడ్డీ ఒకటి వంచడమో కోయడమో అసలు చేయకండి. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికేవాటిలో ఇలా కోసినవే ఎక్కువ. దెబ్బలంటారా, వేళ్ల కణుపులకు, మోకాలి కింద తగులుతుంటాయి. ఎదుటివాడు కొడుతున్నప్పుడు దూరంగా నిలబడితేనే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే కర్ర పూర్తి వేగంతో వచ్చేది అక్కడికే. అందుకే కోచ్‌లు మొదటిరోజు నుంచీ ‘దగ్గరికి జరుగు’ అని అరుస్తుంటారు.

నేను ఆదివారాలు క్రికెట్ లీగ్ ఆడతాను. తొమ్మిదేళ్ల మా అబ్బాయి నాతో నెట్స్‌కు వస్తాడు. హర్లింగ్‌లో వాడు కర్రను బ్యాట్‌లా పట్టుకుంటున్నాడని కోచ్ ప్రతివారం చేతులు మారుస్తున్నారు. బంతి బాగానే తగులుతోంది కదా, ఎందుకీ పట్టుదల?
— ఒక తండ్రి, కావన్

మీ కోచ్ చెప్పేది సబబే. కుడిచేతి బ్యాటర్‌కు ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద ఉంటాయి. హర్లింగ్‌లో దీనికి సరిగ్గా తలకిందులు: బలమైన చెయ్యి పిడి చివర, బలహీనమైన చెయ్యి దాని కింద. బ్యాట్‌ను రెండు చేతులూ ఎప్పుడోగానీ వదలవు. హర్లీని మాత్రం కింది చెయ్యి నిమిషానికి పదిసార్లు వదులుతుంది: బంతిని పట్టడానికి, పైకి ఎగరేయడానికి, అరచేత్తో తట్టి పాస్ ఇవ్వడానికి. ఆ క్షణాల్లో కర్ర బరువంతా పైచెయ్యి ఒక్కటే మోయాలి.

మీ అబ్బాయి పట్టుతో ఏమవుతుందో ఒకసారి పక్కన నిలబడి చూడండి. బంతి పట్టడానికి కింద ఉన్న కుడిచెయ్యి వదిలితే కర్ర ఎడమచేతిలో వేలాడిపోతుంది. అలాకాక ఎడమచెయ్యి వదిలితే, కుడిచెయ్యి కర్ర మధ్యలో ఉంటుంది కాబట్టి అరడుగు పిడి వెనక్కి పొడుచుకొచ్చి, అందుకోగల దూరం తగ్గిపోతుంది. నిలబడి కొట్టినంతసేపు ఈ లోపం కనపడదు. పరుగులో, ఒంటిచేత్తో ఎదుటివాడి కర్రను అడ్డుకోవాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది.

నిజం చెప్పాలంటే, బ్యాట్ పట్టుతోనే కౌంటీ జట్టు దాకా వెళ్లిన ఆటగాళ్లూ లేకపోలేదు. పదేళ్ల లోపైతే మార్చాలి, పద్నాలుగు దాటాక వదిలేయడమే మేలు అన్నది మా అభిప్రాయం. మీవాడికి తొమ్మిదే కాబట్టి ఇదే అదను.

మార్పించే పద్ధతి: కుడిచేతి పట్టు ఉండే చోట పిడి చివర రంగు టేపు రెండు చుట్లు చుట్టండి. వారంపాటు బంతి కొట్టించొద్దు. కుడిచెయ్యి ఒక్కదానితోనే కర్ర పట్టుకుని, బాస్ మీద టెన్నిస్ బంతిని నిలబెట్టి ఇల్లంతా తిరగమనండి. తర్వాత అదే చేత్తో బంతిని పైకి తడుతూ పది, ఇరవై, యాభై లెక్క. ఎడమచెయ్యి జేబులో ఉండాలి. రెండో వారం గోడ దగ్గరికి వెళ్లండి. మూడు, నాలుగు మీటర్ల దూరంలో నిలబడి కుడివైపు నుంచి 20, ఎడమవైపు నుంచి 20. కుడివైపు మొదట్లో మణికట్లు ఒకదానికొకటి అడ్డుపడుతున్నట్టు ఉంటుంది, అది మామూలే. పది నిమిషాలు దాటించకండి. అలసిపోగానే చేతులు పాత పట్టుకే జారిపోతాయి, ఆ అలసటలో కొట్టిన ప్రతి దెబ్బా పాత అలవాటునే గట్టిపరుస్తుంది.

బంతిని నేల మీంచి లేపడం కూడా ఇప్పుడే సరిచేయండి. బంతి పక్కన పాదం పెట్టి, నడుము కాదు, మోకాళ్లు వంచాలి. రెండు బొటనవేళ్లూ బాస్ వైపు చూడాలి. కర్ర దాదాపు నేలకు సమాంతరంగా ఉండగా బాస్ కొసను బంతి కిందికి దూర్చి లేపి, ఎడమ అరచెయ్యి దోసిలిలా పెట్టి అందుకోవాలి. పిల్లలు వంగడానికి బద్ధకించి కర్రను నిటారుగా దించుతారు. కొస మట్టిలో దిగబడుతుంది, బంతి అక్కడే ఉంటుంది, పిల్లాడు ముందుకు వెళ్లిపోతాడు.

క్రికెట్ మాన్పించాల్సిన పనిలేదు. గాల్లోంచి పడే బంతి కింద నిలబడే ధైర్యం క్రికెట్ పిల్లలకు ముందే ఉంటుంది, ఫుట్‌బాల్ నుంచి వచ్చినవాళ్లకు అది నేర్పడానికే ఒక సీజన్ పడుతుంది.

మా ఊరి క్లబ్ ఫుట్‌బాల్ క్లబ్. హర్లింగ్‌కు 7 నుంచి 12 ఏళ్ల పిల్లలు మొత్తం 11 మందే వస్తున్నారు. వాళ్లలో ముగ్గురు మన పిల్లలు. నడిపించే పెద్దాయన ఒక్కరే, నన్ను సాయం రమ్మంటున్నారు. నాకు ఆట రాదు. ఇది నిలబడుతుందా?
— లీట్రిమ్ నుంచి ఒక పాఠకుడు

పదకొండు మంది చాలు. పదకొండు మందిని పదిహేనుమంది జట్టులా నడపాలని చూస్తేనే కూలిపోతుంది.

ముందు మీ సంగతి. ఐర్లండ్‌లో పిల్లలతో పనిచేసే ఏ క్లబ్ వాలంటీర్‌కైనా మూడు కావాలి: గార్డా వెట్టింగ్ (పోలీసుల నేపథ్య తనిఖీ), పిల్లల రక్షణ కోర్సు, ప్రాథమిక కోచింగ్ కోర్సు. వెట్టింగ్‌లో మీరు ఇంతకుముందు ఉన్న చిరునామాలన్నీ అడుగుతారు, ఇండియావి కూడా. హాస్టల్ గదులతో సహా తేదీలవారీగా ముందే రాసి పెట్టుకోండి, మనవాళ్ల దరఖాస్తులు ఆగేది ఎక్కువగా అక్కడే. ఆట రాకపోవడం పెద్ద అడ్డంకి కాదు. పెద్దాయన నేర్పుతుంటే బంతులు అందించడానికి, లేసులు కట్టడానికి, ఏడ్చినవాణ్ణి సముదాయించడానికి ఇంకొకరు ఉండాలి. ఒక్కరే నడిపే శిక్షణ ఆయనకు జ్వరమొచ్చిన వారం ఆగుతుంది. వరసగా రెండు వారాలు ఆగితే నలుగురు పిల్లలు తిరిగి రారు.

గంటసేపటి శిక్షణ ఇలా వేయండి. మొదటి పది నిమిషాలు తలా ఒక బంతితో, కర్ర మీద నిలబెట్టుకుని పరుగు. వరసలో నిలబెట్టి ఒకరి తర్వాత ఒకరు కొట్టే పద్ధతి వద్దే వద్దు. పదకొండు మంది వరసలో ఒక్కొక్కడికి ఐదు నిమిషాలకు ఒక దెబ్బ దక్కుతుంది, మిగతా సమయమంతా పక్కవాడి హెల్మెట్ మీద కర్రతో టకటకలాడిస్తుంటాడు. తర్వాత ఇరవై నిమిషాలు నాలుగు చోట్ల నాలుగు పనులు, ఒక్కోచోట ఐదు నిమిషాలు: లేపడం, గోడకు కొట్టడం, పట్టడం, గురి. ఆపైన ముగ్గురు ముగ్గురుగా ఆట, వయసును బట్టి కాక నైపుణ్యాన్ని బట్టి. పదేళ్ల కొత్తవాణ్ణి ఏడేళ్ల పాతవాడితో కలిపితే సిగ్గుపడతాడు నిజమే, కానీ పన్నెండేళ్ల పాతవాడితో కలిపితే బంతే ముట్టుకోడు. సామానులో పిల్లల సంఖ్య కన్నా మూడు కర్రలు, రెండు హెల్మెట్లు ఎక్కువ ఉంచండి. ‘ఊరికే చూద్దామని వచ్చిన’ తమ్ముడి చేతిలో కర్ర పెట్టగలిగితే మీకు పన్నెండోవాడు దొరికినట్టే.

మైదానం గురించి ఒక మాట. ఫుట్‌బాల్ క్లబ్బుల్లో గడ్డి కాస్త ఎత్తుగా వదిలేస్తారు, పెద్ద బంతికి దాంతో నష్టం లేదు. స్లిటర్ అడ్డంగా 7 సెంటీమీటర్లే ఉంటుంది. తడిసిన ఎత్తు గడ్డిలో అది కూరుకుపోతుంది, కొత్తవాడు ఎంత వంగినా లేవదు, తప్పు తనదే అనుకుంటాడు. మైదానమంతా కోయమంటే గొడవవుతుంది. ఒక మూల ముప్పై మీటర్ల మేర పొట్టిగా కోయమని అడగండి, ఎవరూ కాదనరు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బడి హాలు, మెత్తటి బంతి. ఈ నాలుగు నెలల విరామంలోనే హర్లింగ్ చచ్చిపోయేది. ఫుట్‌బాల్‌కు విరామం వచ్చినా కాళ్లు మరిచిపోవు, కర్ర పట్టిన మణికట్లు మరిచిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం క్యాలెండర్. ఫుట్‌బాల్ వాళ్లతో పోటీ పెట్టుకోకండి, వాళ్ల సాయంత్రాన్నే పంచుకోండి. వాళ్ల శిక్షణ ఏడుకైతే మీది ఆరుకు, అదే మైదానంలో. తల్లిదండ్రులకు కారు తీసే పని ఒక్కసారే ఉంటే రెండు ఆటలూ బతుకుతాయి. వేరే రోజు పెట్టారా, వర్షం పడిన మొదటి వారమే ఏది మానాలో ఇంట్లో తేలిపోతుంది. మ్యాచ్‌లకు ఐదుగురు, ఏడుగురి బ్లిట్జ్‌లకే (ఒక్కరోజు చిన్న పోటీలకే) వెళ్లండి. పన్నెండు దాటినవాళ్లను పక్క క్లబ్‌తో కలిపి ఉమ్మడి జట్టు చేయండి. కానీ చిన్నపిల్లల శిక్షణ మాత్రం మీ ఊళ్లోనే ఉంచండి. అరగంట దూరం కారులో పోవాల్సి వస్తే ఏడేళ్లవాణ్ణి ఎవరూ పంపరు.

13–15 ఏళ్ల దగ్గర కౌంటీ ఫుట్‌బాల్ అకాడమీ మీ మంచి ఆటగాళ్లను లాక్కుపోతుంది. దాన్ని ఆపలేరు. రెండు ఆటలకూ కలిపి వారానికి ఎన్ని శిక్షణలు ఉండాలో ఫుట్‌బాల్ కోచ్‌తో కూర్చుని ముందే కాగితం మీద రాసుకుంటే కొంత నిలుస్తారు. నిర్ణయం పిల్లాడి మీద వదిలేస్తే వాడు ఎవరు గట్టిగా అరిస్తే అటు పోతాడు.

మీ కౌంటీ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2023లో కావన్, ఫెర్మానా, లీట్రిమ్, లాంగ్‌ఫర్డ్, లౌత్ కౌంటీలను జాతీయ హర్లింగ్ లీగ్ నుంచి తప్పించి, ఆ డబ్బు క్లబ్బుల మీద పెడదామని ప్రతిపాదన వచ్చింది. ఆటగాళ్లు తీవ్రంగా వ్యతిరేకించారు, అది ముందుకు సాగలేదు. కింద పునాది వేయాలన్న మాటలో తప్పులేదు గానీ, పైనున్న కౌంటీ చొక్కా తీసేస్తే కిందివాడు దేనికోసం ఆడతాడు? అదే లీట్రిమ్ 2019లో డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో ఇంగ్లండ్ జట్టు లాంకషైర్‌ను అదనపు సమయంలో ఓడించి, కింది శ్రేణి కౌంటీ జట్ల లోరీ మార్ కప్ గెలిచింది. ఆ జట్టులో జాక్ మొరాది ఉన్నాడు. ఇరాక్‌లోని శరణార్థి శిబిరంలో పుట్టిన కుర్దు. పదకొండేళ్ల వయసులో క్యారిక్-ఆన్-షానన్ వచ్చాక గానీ హర్లీ చూడలేదు. మీ ముగ్గురు తెలుగు పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

యూట్యూబ్‌లో హర్లింగ్ చూస్తుంటాను. ఎప్పుడూ కిల్కెన్నీ, కార్క్, టిప్పరరీ, లిమరిక్ పేర్లే వినపడతాయి. చిన్న దేశంలో సగం కౌంటీలకు ఈ ఆట ఎందుకు అంటలేదు?
— ఒక డిగ్రీ విద్యార్థి, విజయవాడ

18వ శతాబ్దంలో అక్కడ కర్రబంతి ఆటలు రెండు ఉండేవి. దక్షిణాన వెడల్పు కర్రతో, వేసవిలో, బంతిని చేత్తో పట్టుకోగల ఆట. భూస్వాములు జట్లు కట్టి, పందేలు కాసి పోషించేవారు. ఉత్తరాన సన్నని కర్రతో, చలికాలంలో, గట్టి బంతిని నేల మీదే కొట్టే ఆట. అది స్కాట్లండ్ షింటీకి దగ్గరి చుట్టం. 1884 నవంబర్ 1న టిప్పరరీలోని థర్ల్స్ ఊళ్లో, హేస్ హోటల్‌లో మైకేల్ క్యూసాక్ తదితరులు గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పెట్టారు. నియమాలు రాసేటప్పుడు తీసుకున్నది దక్షిణపు ఆటను. ఉత్తరాది వాళ్లకు అది పరాయి ఆటలా తోచింది. వాళ్లు ఫుట్‌బాల్ వైపు జరిగారు. పైగా ఫుట్‌బాల్‌కు బంతి ఒక్కటి చాలు, హర్లింగ్‌కు ఆటగాడికో కర్ర, దాన్ని చెక్కేవాడు, చిన్నప్పటి నుంచి నేర్పేవాడు కావాలి.

అయితే కౌంటీ మొత్తానికి ఒకటే రంగు పూయకండి. ఫుట్‌బాల్ రాజధాని అనిపించే కెర్రీ 1891లో బాలిడఫ్ ఊరి జట్టుతో అఖిల ఐర్లండ్ హర్లింగ్ గెలిచింది. ఉత్తర కెర్రీలో బాలిడఫ్, లిక్స్‌నా, కాజ్‌వే లాంటి ఊళ్లలో ఇప్పటికీ హర్లింగే ముందు. డౌన్ కౌంటీలో ఆర్డ్స్ ద్వీపకల్పం మీది మూడు క్లబ్బులే ఆటను మోస్తున్నాయి. ఇక కిల్కెన్నీలో కథ తిరగబడుతుంది, అక్కడ ఫుట్‌బాల్ అనాథ. డబ్లిన్ 1938 తర్వాత అఖిల ఐర్లండ్ సీనియర్ టైటిల్ గెలవలేదు గానీ, క్లబ్బులకు జీతమిచ్చి కోచ్‌లను పెట్టాక పరిస్థితి మారింది. డబ్లిన్ క్లబ్ క్వాలా 2017, 2018ల్లో అఖిల ఐర్లండ్ క్లబ్ టైటిళ్లు కొట్టింది. 2025లో డబ్లిన్ కౌంటీ జట్టు 14 మందితోనే లిమరిక్‌ను ఇంటికి పంపింది.

కర్ర బాస్ చీలింది. కొత్తది కొనాలా, బాగుచేయవచ్చా? కలపకు కరువొచ్చిందని కూడా విన్నాను.
— ఒక పాఠకురాలు, స్లైగో

చీలిక ఎక్కడుందో చూడండి. పిడిలో ఉంటే పారేయండి. టేపు చుట్టి ఆడితే కొట్టేటప్పుడు కొస ఊడి ఈటెలా పోతుంది. బాస్‌లో, కలప గీత వెంబడి ఉంటే బాగవుతుంది. చీలికను కొద్దిగా తెరిచి దుమ్ము ఊది, కలప జిగురు లోపలికి పోయేలా సన్నని అట్టముక్కతో తోయండి. బిగింపు వేసి ఒక రోజు ఉంచండి. ఆపైన పల్చటి రేకు పట్టీని బాస్ చుట్టూ బిగించి, పొట్టి మేకులు కొట్టండి. మేకు మొన అవతలికి వస్తే సుత్తితో మడిచి, పట్టీ అంచు మీద టేపు వేయండి. పట్టీ అంచు పైకి లేచిన కర్ర ఎదుటి పిల్లాడి చేతిని కోస్తుంది, మ్యాచ్‌లో రెఫరీ కూడా ఒప్పుకోడు.

చీలడానికి ముఖ్య కారణం ఇంట్లో ఉంది. కర్రను రేడియేటర్ పక్కన నిలబెడతారు, కలప ఎండి పెళుసెక్కుతుంది. చల్లటి షెడ్డులో పెట్టండి. నెలకోసారి పిడి టేపు తప్ప మిగతా అంతా అవిసె నూనె పల్చగా రుద్దండి. మీవారి క్రికెట్ బ్యాట్ నూనె సీసా ఉంటే అదే పనికొస్తుంది.

కరువు మాట నిజమే. హర్లీ చెక్కేది యాష్ చెట్టు మొదలు నుంచి, కిందనున్న మీటరు పైచిలుకు ముక్కే. వేరు విచ్చుకునే చోట కలప గీత వంపు తిరుగుతుంది, ఆ వంపే బాస్ అవుతుంది. తిన్నటి పలకలో బాస్ ఆకారం కోస్తే గీత అడ్డంగా తెగి మొదటి దెబ్బకే విరుగుతుంది. యాష్‌ను ఎండబెట్టి చంపే శిలీంద్రం ఐర్లండ్‌లో మొదట 2012లో లీట్రిమ్‌లో బయటపడింది, దిగుమతి మొక్కలతో వచ్చింది. అందుకే ఇప్పుడు వెదురు అతుకుల హర్లీలు, సింథటిక్‌వి వస్తున్నాయి. పిల్లల చేతికి సింథటిక్ బాగానే ఉంటుంది: చీలదు, నూనె అడగదు. పెద్దవాళ్లు మాత్రం చేతికి తగిలే అదురు వేరంటారు.

మా అమ్మాయికి పదమూడు. ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యమా? అమ్మాయిల ఆట వేరా?
— ఒక తల్లి, లాంగ్‌ఫర్డ్

అమ్మాయిల ఆటను కమోగీ అంటారు, కర్ర అదే, బంతి ఒక సైజు చిన్నది. వేరే సంఘం 1904 నుంచి ఉంది. స్కార్ట్ (స్కర్టులా కనపడే నిక్కరు) వేసుకోవాలన్న పాత నియమం 2025 మేలో ఓటింగ్‌తో పోయింది, షార్ట్స్ వేసుకోవచ్చు. పదమూడుకు ఆలస్యమే, అబద్ధమెందుకు. కానీ మీ కౌంటీలో అదే వయసులో మొదలుపెట్టేవాళ్లు చాలామంది, కాబట్టి వెనకబడ్డట్టు అనిపించదు. మొదట గోల్‌కీపర్‌గా గానీ, ఫుల్‌బ్యాక్ వరసలో (గోల్ ముందు కాపు వరసలో) గానీ పెడతామంటే మొహమాటపడి ఒప్పుకోకండి. అక్కడ బంతి తక్కువ వస్తుంది, వచ్చినప్పుడు తప్పు కనపడుతుంది. మధ్యలో ఆడనివ్వమనండి.

వరంగల్‌లో మేం నలుగురం సరదాగా ఆడదామనుకుంటున్నాం. క్రికెట్ బంతితో, హాకీ కర్రలతో కుదురుతుందా?
— ఇంజినీరింగ్ విద్యార్థులు

క్రికెట్ బంతి వద్దు. అది 156 నుంచి 163 గ్రాములు, స్లిటర్ కన్నా కనీసం 40 గ్రాములు ఎక్కువ బరువు, పైగా గట్టిది. చేత్తో పట్టే ఆటలో, ముఖానికి కడ్డీలు లేకుండా అది ప్రమాదం. హాకీ కర్రకు ఒకవైపే చదును, కొస సన్నం, బంతి నిలవదు. టెన్నిస్ బంతి, రెండు వైపులా చదునుగా, కొస దగ్గర అరచేయంత వెడల్పు వచ్చేలా వడ్రంగితో చేయించిన రెండున్నర అడుగుల తేలిక కర్ర, ఒక గోడ ఉంటే మొదలుపెట్టండి. కర్ర కోసేటప్పుడు గీత పిడి నుంచి కొస దాకా తెగకుండా వచ్చేలా చూడమని వడ్రంగికి మరీ మరీ చెప్పండి.